వందల నమూనాల సీక్వెన్సింగ్ లైబ్రరీలకు డీఎన్‌ఏను ముక్కలు చేసే పద్ధతి ఎలా ఎంచుకోవాలి

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల ల్యాబుల్లో మిరప, పత్తి, మినుము మీద పనిచేసేవాళ్లకు సీక్వెన్సింగ్, అంటే డీఎన్‌ఏలోని బేసుల వరసను చదవడం, ఇప్పుడు పదీ ఇరవై నమూనాలతో ఆగే పని కాదు. నల్ల తామర పురుగును తట్టుకునే మిరప లైన్లు వెతకాలన్నా, పాత విత్తన సేకరణ మొత్తాన్ని జల్లెడ పట్టాలన్నా 96 వెల్స్ (గుంటలు) ఉన్న ప్లేట్లు కనీసం నాలుగు, అంటే 384 నమూనాలు బల్ల మీదికొస్తాయి. యంత్రం చదవాలంటే డీఎన్‌ఏను చిన్న ముక్కలు చేసి, వాటి చివర్లకు అడాప్టర్లు అనే పొట్టి డీఎన్‌ఏ తునకలు అతికించాలి. అలా సిద్ధమైన ముక్కల సమూహమే లైబ్రరీ. అంత పనికి డీఎన్‌ఏను దేనితో ముక్కలు చేయాలన్నది మొదటి ప్రశ్న. ధ్వనితోనా, ఎంజైముతోనా, కోస్తూనే అడాప్టర్‌ను అతికించే ట్రాన్స్‌పోజేజ్‌తోనా?

పద్ధతి ఎంచుకునేటప్పుడు చాలామంది తమ దగ్గరున్న వాటిలో మంచి డీఎన్‌ఏ నాలుగు తీసుకుని ట్రయల్ వేస్తారు. అవి ఏ పద్ధతిలోనైనా బాగానే వస్తాయి, కాబట్టి ఆ ట్రయల్ ఏమీ చెప్పదు. చూడాల్సింది ప్లేటు మొత్తంలో నాసిరకం డీఎన్‌ఏ ఉన్న వెల్‌ను. ఆ వెల్‌ కూడా మిగతావాటితో సమానమైన పొడవున తెగే పద్ధతే మీ పనికి సరైన పద్ధతి.

ముందు ముక్క పొడవు తేల్చుకోండి

మిరప జీనోము సుమారు 350 కోట్ల బేస్ జతలు. ఒక్కో లైనును 10 రెట్ల లోతున, అంటే ప్రతి బేసునూ సగటున పదిసార్లు, చదవాలంటే 35 గిగాబేసుల (గిగాబేసు అంటే వంద కోట్ల బేసులు) డేటా కావాలి. 384 లైన్లకు 13,440 గిగాబేసులు. నోవాసెక్ 6000 యంత్రంలో ఒక ఎస్4 ఫ్లో సెల్ (ముక్కలను అతికించి చదివే గాజు పలక), 2×150 రీడ్లతో, అంటే ముక్క రెండు చివర్ల నుంచీ 150 బేసుల చొప్పున చదివితే, 2,400 నుంచి 3,000 గిగాబేసులు ఇస్తుంది. అంటే ఐదు ఫ్లో సెల్స్ లెక్క.

ఇప్పుడు ముక్క సగటు పొడవు 200 బేసులే వచ్చిందనుకోండి. రెండు వైపుల నుంచీ 150 చొప్పున 300 బేసులు చదువుతాం, కానీ ముక్కలో ఉన్నవి 200. మధ్యలో 100 బేసులు రెండుసార్లు చదివినట్టు. మూడో వంతు డేటా వృథా, అంటే 13,440లో దాదాపు 4,480 గిగాబేసులు. ఒకటిన్నర ఫ్లో సెల్ ఖర్చు నీళ్లలో పోసినట్టే. ముక్కలు చేసే కిట్టులో నమూనాకు కొంత డబ్బు మిగిలిందని మురిసిపోయే ముందు ఈ లెక్క వేసుకోవాలి. ముక్క 150 కన్నా పొట్టిదైతే రీడ్ అడాప్టర్‌లోకి దూసుకుపోతుంది, అది ఇంకా నష్టం.

మరీ పొడవైనా చిక్కే. ప్యాటర్న్‌డ్ ఫ్లో సెల్స్ (అతి చిన్న గుంటలు వరసగా చెక్కిన రకం) మీద పొట్టి ముక్కలు ముందుగా చోటు పట్టేస్తాయి. ఒకే పూల్‌లో (కలిపి నడిపే లైబ్రరీల మిశ్రమంలో) 250 బేసుల లైబ్రరీ, 600 బేసుల లైబ్రరీ కలిపితే పొట్టిదానికి రీడ్లు కుప్పలుగా వస్తాయి, పొడవుదానికి అరకొర. అందుకే సగటు ఎంత వచ్చిందన్నదానికన్నా 384 వెల్స్‌లోనూ సగటు ఒకేలా ఉండటం ముఖ్యం. మొత్తం జీనోము పనికి 350–450 బేసుల ముక్క పెట్టుకోండి. ఎక్సోము (ప్రోటీన్లకు సంకేతాలిచ్చే భాగాలు), క్యాన్సర్ ప్యానెల్ లాంటి పనులకు 150–200 చాలు, అక్కడ లక్ష్య భాగాలే చిన్నవి.

ఒక మాట. మీకు కావలసింది లైన్ల మధ్య మార్కర్ల తేడాలు, జన్యు మ్యాపు మాత్రమే అయితే మొత్తం జీనోము చదవాల్సిన అవసరమే లేకపోవచ్చు. మిరప జీనోములో ఎక్కువ భాగం పునరావృత భాగాలే. ఏపీఈకేఐ ఎంజైముతోగానీ, పీఎస్‌టీఐ–ఎంఎస్‌పీఐ జంటతోగానీ కోసే జీబీఎస్ (జీనోటైపింగ్ బై సీక్వెన్సింగ్) పద్ధతిలో ఎంజైము నిర్దిష్ట స్థానాల్లోనే కోస్తుంది. ఈ ఎంజైములు మిథైలేషన్ (బేసుల మీద పడే రసాయన గుర్తు) ఉన్న చోట సరిగా కోయవు. పునరావృత భాగాల్లో అది ఎక్కువ కాబట్టి అవి చాలావరకు వాటంతటవే పక్కకు పోతాయి. ఒక్కో లైనుకు కావలసిన డేటా ఎన్నో రెట్లు తగ్గుతుంది. ఈ వ్యాసంలో మిగతాదంతా మొత్తం జీనోము కావాలని తేల్చుకున్నవాళ్లకు.

ఆకు నుంచి ట్యూబు దాకా

ముక్కలు చేయడంలో వచ్చే తేడాల్లో సగం ముక్కలు చేయకముందే మొదలవుతాయి. మిరప ఆకులో పాలీఫినాల్స్, పాలీశాకరైడ్లు ఎక్కువ. అవి డీఎన్‌ఏతోపాటే వచ్చేసి ఎంజైములను అడ్డుకుంటాయి, ద్రావణాన్ని జిగటగా చేస్తాయి. లేత ఆకులే కోయండి. వీలైతే కోసే ముందు మొక్కలను ఒకటి రెండు రోజులు చీకట్లో ఉంచండి, పిండి పదార్థం తగ్గుతుంది. ఏప్రిల్, మే ఎండలో పొలం నుంచి ప్లాస్టిక్ కవర్లో తెచ్చిన ఆకు ల్యాబుకు చేరేసరికి ఉడికిపోయి ఉంటుంది, అందులో డీఎన్‌ఏ అప్పటికే ముక్కలు. సిలికా జెల్ పొట్లాల్లోగానీ ఐస్ బాక్సులోగానీ తేవాలి.

సీటీఏబీ డిటర్జెంట్‌తో డీఎన్‌ఏ తీసే పద్ధతిలో బఫరుకు పీవీపీ, బీటా మెర్కాప్టోఇథనాల్ తప్పకుండా కలపండి. ఆర్‌ఎన్‌ఏను తినేసే ఎంజైము ఆర్‌ఎన్‌ఏజ్ ఏ వేయడం మరవొద్దు. ఆర్‌ఎన్‌ఏ మిగిలితే నానోడ్రాప్ (కాంతి శోషణతో కొలిచే పరికరం) డీఎన్‌ఏను ఉన్నదానికన్నా బాగా ఎక్కువ చూపిస్తుంది. మీరు 200 నానోగ్రాములు వేశామనుకున్న వెల్‌లో నిజంగా ఉన్నది 60 కావచ్చు. కొలత క్యూబిట్‌తో (డీఎన్‌ఏకు అంటుకుని మెరిసే రంగుతో కొలిచే పరికరం), స్వచ్ఛత నానోడ్రాప్‌తో చూడండి: 260/280 నిష్పత్తి 1.8 దగ్గర, 260/230 నిష్పత్తి 1.8 దాటి ఉండాలి. 260/230 బాగా పడిపోయిన నమూనాలను 1.4 మోలార్ ఉప్పు ద్రావణంలో మళ్లీ ఆల్కహాల్‌తో అవక్షేపించండి. పాలీశాకరైడ్లు చాలావరకు ద్రావణంలోనే ఉండిపోతాయి.

ఆ తర్వాత ప్రతి ప్లేటు నుంచి కనీసం రెండు డజన్ల నమూనాలు 0.8 శాతం అగరోజ్ జెల్ మీద నడిపి చూడండి. పైన గట్టి బ్యాండు ఉంటే మంచి డీఎన్‌ఏ. బ్యాండు కింద పొగలాగా జారితే అప్పటికే విరిగినది. వెల్‌లోనే ఇరుక్కుని కదలకపోతే జిగట. ఈ మూడు రకాలూ ఏయే వెల్స్‌లో ఉన్నాయో రాసిపెట్టుకోండి, కింద ట్రయల్‌కు అవే కావాలి.

డీఎన్‌ఏను దేనిలో కరిగించారన్నదీ ముఖ్యమే. డీఎన్‌ఏ నిల్వ బఫర్లలో ఉండే ఈడీటీఏ మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది. ఎంజైములకూ, ట్రాన్స్‌పోజేజ్‌కూ మెగ్నీషియం లేనిదే పని జరగదు. ధ్వని పద్ధతికి ఈడీటీఏ ఉండటమే మంచిది, ఎందుకో తర్వాత చెప్తాను. పద్ధతి ఇంకా తేలకపోతే పీహెచ్ 8 ఉన్న 10 మిల్లీమోలార్ ట్రిస్‌లో కరిగించండి. ఈడీటీఏ తర్వాత కలపడం సులువు, తీయడం కష్టం.

ధ్వనితో ముక్కలు చేయడం

కోవారిస్ యంత్రాలు అధిక పౌనఃపున్య ధ్వనిని ట్యూబు మీద ఒక బిందువు దగ్గర కేంద్రీకరిస్తాయి. ద్రావణంలో బుడగలు పుట్టి పగులుతాయి, ఆ తాకిడికి డీఎన్‌ఏ తెగుతుంది. డీఎన్‌ఏ ఎంత వేశారు, అందులో జీసీ శాతం ఎంత, కాస్త మలినం ఉందా అన్నవాటిని ఇది పెద్దగా పట్టించుకోదు. నాసిరకం వెల్‌నూ మంచి వెల్‌నూ దాదాపు ఒకేలా కోసే పద్ధతి ఇదే. దీని అసలు విలువ అక్కడుంది.

ఎస్220 యంత్రంలో 130 మైక్రోలీటర్ల మైక్రోట్యూబుకు 300 బేసుల కోసం పీక్ పవర్ 140 వాట్లు, డ్యూటీ ఫ్యాక్టర్ 10 శాతం, బర్స్ట్‌కు 200 సైకిళ్లు, 80 సెకన్లు. 400 బేసులకు డ్యూటీ ఫ్యాక్టర్ 5 శాతానికి తగ్గించి 55 సెకన్లు. 200 బేసులకు 175 వాట్లు, 10 శాతం, 180 సెకన్లు. ఇవి మొదలుపెట్టడానికి అంకెలు. మీ యంత్రంలో మీ డీఎన్‌ఏతో సమయాన్ని అటూ ఇటూ మార్చి సరిచూసుకోవాలి. యంత్రం మోడల్, ట్యూబు రకం మారితే అంకెలూ మారతాయి, ఒకదానివి ఇంకోదానికి వేయకండి.

నీటి తొట్టి గురించి శ్రద్ధ తీసుకోండి. డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ పోయొద్దు, బోరు నీళ్లలోని లవణాలు ట్రాన్స్‌డ్యూసర్ మీద పేరుకుంటాయి. యంత్రం వాడే ముందు అరగంట నుంచి గంట దాకా నీళ్లలోని గాలిని తీసేయాలి. గాలి మిగిలితే ధ్వని శక్తి దారిలోనే చెదిరిపోయి ముక్కలు పొడవుగా మిగులుతాయి. ఉష్ణోగ్రత 7 డిగ్రీల దగ్గర ఉండాలి. మన ఎండాకాలంలో చిల్లర్ మీద భారం ఎక్కువ. గదిలో ఏసీ ఆగిపోతే నీళ్లు నెమ్మదిగా వేడెక్కుతాయి, ప్లేటు మొదటి వరసకూ చివరి వరసకూ తేడా మొదలవుతుంది. కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చల్లటి ట్యూబుల బయట నీటి బిందువులు చేరతాయి. మూత తీసే ముందు తుడవండి, లేకపోతే పక్క నమూనాలోకి జారతాయి. యూపీఎస్ ఎంచుకునేటప్పుడు యంత్రానికి మాత్రమే లెక్క వేసి చిల్లర్‌ను వదిలేస్తుంటారు. రెండింటికీ కలిపి వేయండి.

ట్యూబులో బుడగ ఉంటే ఆ నమూనా సరిగా తెగదు. నింపాక సెకన్లపాటు సెంట్రిఫ్యూజ్ తిప్పి, కాంతికి పట్టి చూసి, ఆ తర్వాతే యంత్రంలో పెట్టండి.

దీని బలహీనత సమయం. ఒక్కో ట్యూబు పెట్టే యంత్రంలో 80 సెకన్ల కోతకు, పెట్టి తీయడానికి 40 సెకన్లు కలిపితే నమూనాకు రెండు నిమిషాలు, 384కు దాదాపు 13 గంటలు. ప్లేటు పట్టే ఈ220లో మనిషి అక్కడ కూర్చోనక్కర్లేదు గానీ అదీ ఒక్కో వెల్ చొప్పునే చేస్తుంది, వెల్‌కు 80 సెకన్ల లెక్కన ప్లేటుకు 128 నిమిషాలు. ఎల్‌ఈ220 ఒకేసారి ఎనిమిది చేస్తుంది. పెద్ద సంస్థల్లో అది ఉంటుంది, మన దగ్గర అరుదు. ప్రత్యేక ట్యూబుల ఖర్చు కూడా ప్రతి నమూనాకూ పడుతుంది. బయోరప్టర్ లాంటి నీటి తొట్టి సోనికేటర్లు చౌక, 30 సెకన్లు నడిచి 30 సెకన్లు ఆగే చక్రాలతో పనిచేస్తాయి. కానీ ముక్కల పరిధి వెడల్పు, ట్యూబు స్థానాన్ని బట్టి తేడాలు ఎక్కువ. క్రోమాటిన్ పనికి సరే, 384 లైబ్రరీలకు నేను సలహా ఇవ్వను.

ఇక ఈడీటీఏ సంగతి. ధ్వని తాకిడికి గ్వానిన్ (జీ) బేసులు ఆక్సీకరణ చెందుతాయి. తర్వాత పీసీఆర్‌లో (డీఎన్‌ఏ నకళ్లు తీసే చర్యలో) అవి టీగా (థైమిన్‌గా) చదవబడి, లేని జీ నుంచి టీ మార్పులు కనిపిస్తాయి. మిరప లైన్లలో సగం రీడ్లలో కనిపించే తేడాలు వెతికేటప్పుడు ఇది పట్టించుకోదగ్గది కాదు. మంగళగిరి, గుంటూరు ఆసుపత్రుల నుంచి వచ్చే కణితి నమూనాల్లో ఒక శాతం రీడ్లలో ఉండే మార్పు కోసం వెతికేటప్పుడు మాత్రం ఇదే పెద్ద తలనొప్పి. డీఎన్‌ఏను ఈడీటీఏ ఉన్న టీఈ బఫరులో కోస్తే ఈ నష్టం బాగా తగ్గుతుంది.

ఎంజైముతో ముక్కలు చేయడం

96 వెల్స్‌నూ ఒకేసారి థర్మల్ సైక్లర్‌లో పెట్టేయవచ్చు. కోత, చివర్ల మరమ్మతు, అడాప్టర్ అతకడానికి చివర ఒక అడినైన్ (ఏ) బేసు చేర్చడం మూడూ ఒకే వెల్‌లో అయిపోతాయి. ప్రత్యేక యంత్రం అక్కర్లేదు. ఎన్ఈబీనెక్స్ట్ అల్ట్రా 2 ఎఫ్ఎస్ కిట్టు ఉదాహరణగా తీసుకుంటే 26 మైక్రోలీటర్ల డీఎన్‌ఏకు 7 మైక్రోలీటర్ల బఫరు, 2 మైక్రోలీటర్ల ఎంజైము మిశ్రమం. 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచితే 100–250 బేసులు, 20 నిమిషాలకు 150–350, 15 నిమిషాలకు 200–450, 10 నిమిషాలకు 300–700. ఆ వెంటనే 65 డిగ్రీల దగ్గర అరగంట. అక్కడ కోత ఆగిపోతుంది.

96 వెల్స్ ప్లేటుకు 106 రియాక్షన్లకు మాస్టర్ మిక్స్ కలపండి: బఫరు 742, ఎంజైము 212, మొత్తం 954 మైక్రోలీటర్లు. ఎంజైము మిశ్రమం అడుగున పేరుకుని ఉంటుంది. వాడే ముందు 5–8 సెకన్లు వోర్టెక్స్ చేసి ఐస్‌లో పెట్టాలి. ఎంజైము అనగానే వోర్టెక్స్ చేయకూడదని అలవాటైనవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. ఎనిమిది ట్యూబుల స్ట్రిప్‌లో ట్యూబుకు 119 చొప్పున పోసుకుని, మల్టీఛానల్ పిపెట్‌తో వెల్‌కు 9 మైక్రోలీటర్లు వేసుకుంటూ వెళ్లండి. మూత వేసి 5 సెకన్లు వోర్టెక్స్, చిన్న స్పిన్, అప్పటికే 37 డిగ్రీలకు వచ్చిన బ్లాకులో పెట్టడం. మూత ఉష్ణోగ్రత 75 డిగ్రీలు.

ఇదంతా ఐస్ మీద జరగాలి, ఈ ఊళ్లలో ముఖ్యంగా. కిట్టు పుస్తకంలో గది ఉష్ణోగ్రత అంటే 20–25 డిగ్రీలు. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గదిలో బల్ల 35 డిగ్రీలు దాటి ఉంటుంది, అది ఈ ఎంజైము పనిచేసే ఉష్ణోగ్రతకు రెండడుగుల దూరం. మొదటి వరసలో ఎంజైము వేసి పన్నెండో వరసకు చేరేసరికి ఆరేడు నిమిషాలు పడుతుంది. పదిహేను నిమిషాల కోతకు అదనంగా మొదటి వరసకు ఆ ఆరేడు నిమిషాలూ కలిసిపోతాయి. ప్లేటు కింద ఐస్ చాలదు, ఐస్ కరిగిన నీళ్లలో ప్లేటు తేలుతుంటుంది. ఫ్రిజ్‌లో చల్లబరిచిన అల్యూమినియం ప్లేటు బ్లాకు పెట్టుకోండి. మాస్టర్ మిక్స్ స్ట్రిప్ కూడా అలాంటి బ్లాకులోనే ఉండాలి.

జెల్ మీద ఈ తప్పు ఇలా కనిపిస్తుంది. మొదటి వరస పొట్టి, పన్నెండో వరస పొడవు, మధ్యలో మెట్లు మెట్లుగా పెరుగుతూ ఉంటే బల్ల మీద వేడే కారణం. ఎక్కడ పడితే అక్కడ కొన్ని వెల్స్ పొట్టిగా ఉంటే డీఎన్‌ఏ కొలతలు తప్పు. ప్లేటు అంచు వరసలు మాత్రమే తేడాగా ఉంటే సీల్ సరిగా అంటలేదు, ఆవిరైపోయి ద్రావణం చిక్కబడింది. కొన్ని వెల్స్ అసలు తెగకపోతే పాలీఫినాల్స్ లేదా ఈడీటీఏ.

ఎంజైములు ఫ్రీజర్‌లో మైనస్ 20 దగ్గరే ఉండాలి. కరెంటు పోయినప్పుడు ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రీజర్లు త్వరగా వేడెక్కుతాయి. సాధారణ డీప్ ఫ్రీజర్‌లో, ఐస్ ప్యాకుల మధ్య థర్మోకోల్ పెట్టెలో దాచండి. పార్శిల్ తెరవగానే డ్రై ఐస్ మిగిలి ఉందో లేదో చూసి రాసుకోండి. పాతబడిన ఎంజైము నెమ్మదిగా కోస్తుంది, ముక్కలు పొడవైపోతాయి. దాన్ని చూసి సమయం పెంచుకుంటూ పోతే, కొత్త లాట్ వచ్చిన రోజున ప్లేటు మొత్తం పొట్టిగా తెగుతుంది. ప్రతి కొత్త లాట్‌నూ తెలిసిన డీఎన్‌ఏతో పరీక్షించాకే అసలు ప్లేటు వేయండి.

కొన్ని ఎంజైము పద్ధతుల్లో ఇంకో లోపముంది. ఎదురెదురుగా తిరగబడిన పునరావృత భాగాల దగ్గర తప్పుడు జతకట్టడాలు జరిగి, లేని మార్పులు రీడ్ల చివర్లలో కనిపిస్తాయి. తక్కువ శాతం మార్పులు వెతికే క్లినికల్ పనిలో వీటిని విడిగా వడకట్టాలి.

ట్రాన్స్‌పోజేజ్

టీఎన్5 ట్రాన్స్‌పోజేజ్ డీఎన్‌ఏను కోస్తూనే ఆ కోత దగ్గర అడాప్టర్‌ను అతికిస్తుంది. చివర్ల మరమ్మతు లేదు, లిగేషన్ లేదు. ప్రతి చొరబాటు దగ్గర 9 బేసులు రెండు వైపులా నకలవుతాయి, విశ్లేషణలో అది గుర్తుంచుకోవాలి.

ద్రావణంలో ఉండే పాత రకం ట్రాన్స్‌పోజేజ్‌తో ముక్క పొడవు డీఎన్‌ఏకూ ఎంజైముకూ మధ్య నిష్పత్తి మీద ఆధారపడుతుంది. రోట్లో అర కిలో మిరపకాయలకు వేసే పోట్లే పావు కిలోకు వేస్తే కారం మెత్తబడిపోయినట్టు, డీఎన్‌ఏ తక్కువ వేసిన వెల్ ఎక్కువ తెగుతుంది. నెక్స్‌టెరా ఎక్స్‌టీ ఒక్క నానోగ్రాము డీఎన్‌ఏనే కోరుతుంది, మైక్రోలీటరుకు 0.2 నానోగ్రాముల చొప్పున 5 మైక్రోలీటర్లు. 384 నమూనాలను అంత కచ్చితంగా సమం చేయడం రెండు రోజుల పని.

ఇల్యుమినా డీఎన్‌ఏ ప్రెప్ లాంటి, బీడ్ల (అతి చిన్న అయస్కాంత గుళికల) మీద అతికించిన ట్రాన్స్‌పోజేజ్ ఈ చిక్కును చాలావరకు తీర్చింది. బీడ్ల మీద చోటు పరిమితం. 100 నుంచి 500 నానోగ్రాముల మధ్య ఎంత డీఎన్‌ఏ వేసినా బీడ్లు నిండిపోయాక మిగతాది కడిగేటప్పుడు పోతుంది. కాబట్టి ముక్క పొడవూ, లైబ్రరీ పరిమాణమూ రెండూ సమంగా వస్తాయి. 55 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, తర్వాత ఆపే ద్రావణం వేసి 37 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, కడగడం, 5 పీసీఆర్ చక్రాలు. ముక్క 350 బేసుల దగ్గర. ఈ బీడ్లను 2–8 డిగ్రీల ఫ్రిజ్‌లో నిలబెట్టి ఉంచాలి. పొరపాటున ఫ్రీజర్‌లో పెడితే ఆ పెట్టె మొత్తం పారేయాల్సిందే. కిట్టు వచ్చిన రోజున అన్నిటినీ కలిపి మైనస్ 20లోకి తోసేయడం ల్యాబుల్లో తరచూ జరిగే నష్టం.

దీనికి డీఎన్‌ఏ పొడవుగా ఉండాలి. ఒకే అణువు మీద రెండు చోట్ల ట్రాన్స్‌పోజేజ్ పడితేనే చదవదగ్గ ముక్క వస్తుంది. జెల్ మీద పొగలాగా జారిన డీఎన్‌ఏకు ఇది తగదు.

డబ్బు తక్కువున్న ల్యాబులకు సొంతంగా టీఎన్5 తయారుచేసుకునే దారి ఉంది. 2014లో ప్రచురితమైన పద్ధతిలోని ప్లాస్మిడ్‌ను యాడ్‌జీన్ నుంచి తెప్పించుకోవచ్చు. ప్రోటీన్ శుద్ధి చేయగలిగినవాళ్లకు నమూనా ఖర్చు అనూహ్యంగా పడిపోతుంది. కానీ ఒక్కో బ్యాచ్ బలం ఒక్కో రకం. ప్రతి బ్యాచ్‌నూ నాలుగైదు పలుచనల్లో ఒకే డీఎన్‌ఏ మీద వేసి చూసి, మొత్తం ప్రాజెక్టుకు సరిపడా ఒకే బ్యాచ్ తయారుచేసుకోండి. కోత అయ్యాక టీఎన్5 డీఎన్‌ఏను వదలదు. 0.1–0.2 శాతం ఎస్‌డీఎస్ డిటర్జెంట్ వేసి విడిపించాలి, ఆ ఎస్‌డీఎస్ పీసీఆర్‌ను ఆపకుండా ట్రైటాన్‌తో అణచాలి. పీసీఆర్ మొదట్లో 72 డిగ్రీల దగ్గర 3 నిమిషాలు ఉంచకపోతే ఖాళీలు పూడవు, లైబ్రరీ రాదు.

ఎవరికి ఏది

384 మిరప లైన్లు, డీఎన్‌ఏ చాలావరకు గట్టిది, కొలతల్లో కొంత తేడా ఉంటే బీడ్ల మీది ట్రాన్స్‌పోజేజ్. డీఎన్‌ఏ నాణ్యత వెల్ వెల్‌కూ మారిపోతూ, కోవారిస్ అందుబాటులో ఉంటే ధ్వని. శుభ్రమైన డీఎన్‌ఏ, క్యూబిట్ కొలతలు, చల్లటి గది మూడూ ఉంటే ఎంజైము ఖర్చుకూ నాణ్యతకూ మధ్య మంచి రాజీ. మూడింటిలో ఏది లేకపోయినా ఎంజైము జోలికి వెళ్లొద్దు.

ఆసుపత్రి బ్యాక్టీరియా నమూనాలు 96 ఉంటే, ఈ.కోలై లాంటి వాటి జీనోము 46 లక్షల బేసులే, ట్రాన్స్‌పోజేజ్ తప్ప ఇంకోటి ఆలోచించనక్కర్లేదు. ఫార్మలిన్, మైనం దిమ్మల్లోని కణితి నమూనాలకు ధ్వని. ఆ డీఎన్‌ఏ అప్పటికే విరిగి ఉంటుంది. సగటు 300 బేసులకు దిగిపోయిన నమూనాను తక్కువ సమయమే కోయండి లేదా కోయడం మానేయండి. ఫార్మలిన్ వల్ల సైటోసిన్లు మారిపోయి సీ నుంచి టీ మార్పులు కనిపిస్తాయి కాబట్టి అలా మారిన బేసులను తీసేసే యూడీజీ ఎంజైముతో చికిత్స చేయండి. ప్యాక్‌బయో హైఫై లాంటి పొడవు రీడ్లకు ఇవేవీ కాదు, 15–20 వేల బేసుల ముక్కల కోసం మెగారప్టర్ లేదా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పే జీ ట్యూబ్.

ట్రయల్ ప్లేటు

తేల్చుకున్న పద్ధతితో ముందు 24 వెల్స్ వేయండి. అందులో ఎనిమిది గట్టి డీఎన్‌ఏ, ఎనిమిది విరిగినవి, ఆరు జిగటవి, ఒకటి తెలిసిన నమూనా, ఒకటి ఖాళీ. తెలిసిన నమూనాగా ఎల్‌సీఏ-334 లాంటి స్థిరమైన లాం రకం డీఎన్‌ఏను ఒకేసారి ఎక్కువగా తీసి, చిన్న ట్యూబుల్లో పంచి దాచుకోండి. ట్రయల్ అయ్యాక వేసే ప్రతి అసలు ప్లేటులోనూ దాన్ని ఒకే చోట కాకుండా రెండు చోట్ల, మొదటి వరసలో ఒకటి, పన్నెండో వరసలో ఒకటి వేయండి. ఆ రెండింటి మధ్య తేడాయే ప్లేటులో మీ చేతి తేడా.

ముక్కల పొడవును టేప్‌స్టేషన్ యంత్రం మీద చూడొచ్చు. అది లేకపోతే 1.5 శాతం అగరోజ్ జెల్ మీద 100 బేసుల ల్యాడర్ పక్కన 50 నానోగ్రాముల చొప్పున నడపండి. ఎంజైము కోతను చూడాలంటే 37 డిగ్రీల దశ అయ్యాక ఈడీటీఏ వేసి ఆపి, బీడ్లతో శుభ్రం చేసి నడపాలి, నేరుగా నడిపితే జెల్ మీద బఫరు తేడాతో పొగ వంకరగా వస్తుంది. విరిగిన ఎనిమిదింటి సగటుకూ గట్టి ఎనిమిదింటి సగటుకూ మధ్య తేడా 60–70 బేసులు దాటితే ఆ పద్ధతి మీ ప్లేటుకు తగలేదు. నమూనాలను రెండు బృందాలుగా విడదీసి వేర్వేరు సమయాలతో కోయండి, లేదా పద్ధతి మార్చండి.

పొడవు సవరించే ఎస్‌పీఆర్‌ఐ బీడ్లు ఫ్రిజ్‌లోంచి తీశాక అరగంట బయట ఉంచాలి. బీడ్లు ఎంత తక్కువ వేస్తే అంత పొడవు ముక్కలే పట్టుకుంటాయి. 80 శాతం ఆల్కహాల్ ఆ రోజే కలుపుకోండి. తేమ గాలిలో నిలవున్న ఆల్కహాల్ పలుచబడి డీఎన్‌ఏను కడిగేస్తుంది. బీడ్ల మీద మెరుపు పోయి మట్టి రంగు రాగానే ఎల్యూషన్ బఫరు వేయండి. ఫ్యాన్ కింద ఆరబెడితే రెండు నిమిషాల్లోనే పగుళ్లు వచ్చి డీఎన్‌ఏ వదలదు.

పూల్ కలిపే ముందు మోలార్ లెక్క తప్పనిసరి. 400 బేసుల ముక్కకు రెండు అడాప్టర్లు కలిసి లైబ్రరీ సుమారు 520 అవుతుంది. మైక్రోలీటరుకు 4 నానోగ్రాములుంటే 40 లక్షలను (4 × 10 లక్షలు) 660తోనూ (ఒక బేస్ జత సగటు బరువు) 520తోనూ భాగిస్తే సుమారు 11.7 నానోమోలార్. ప్లేటుకంతటికీ ఒకే సగటు పొడవు వేసి ఈ లెక్క చేస్తే పొట్టి లైబ్రరీల గాఢత తక్కువగా అంచనా కట్టినట్టు, పూల్‌లో అవి ఎక్కువగా పడి రీడ్లన్నీ తినేస్తాయి. పొడవు తేడాగా ఉన్న వెల్స్‌కు విడిగా లెక్క వేయండి. ఇండెక్సులు (ఏ ముక్క ఏ నమూనాదో చెప్పే గుర్తులు) రెండు వైపులా ఏ ఇతర నమూనాతోనూ కలవని యూనిక్ డ్యుయల్ రకమే వాడండి, ప్యాటర్న్‌డ్ ఫ్లో సెల్స్ మీద ఒక లైబ్రరీ ఇండెక్సు ఇంకో లైబ్రరీ ముక్కకు అంటుకునే బెడద ఉంది.

అసలు ఫ్లో సెల్‌కు పంపే ముందు 384 లైబ్రరీలనూ సమంగా కలిపి ఒక చిన్న రన్ నడపండి. ఒక్కో లైనుకు కొన్ని వేల రీడ్లు వస్తే చాలు, ముక్క పొడవు, క్లోరోప్లాస్ట్ శాతం, పూల్‌లో వాటా అన్నీ తెలిసిపోతాయి. ఆ వాటాల ప్రకారం పూల్‌ను మళ్లీ కలపండి. సగటు పొడవు 250 కిందికి పడిపోయిన లైబ్రరీలను తీసి, వాటి మూల డీఎన్‌ఏను తిరిగి కొలిచి, కొత్తగా వేయండి. వాటిని అలాగే పూల్‌లో ఉంచి ఎక్కువ రీడ్లతో సరిపెట్టుకోవడం ఎప్పుడూ ఎక్కువ ఖర్చే.